ఆ వేరు పేరు చెప్పమనండి

హువాంగ్‌ది నెయ్‌జింగ్ అని చైనావాళ్ల పాత వైద్యగ్రంథం ఒకటుంది. వయసు దాదాపు 2,000 ఏళ్లు. స్త్రీ ఆయుష్షును అది ఏడేసి ఏళ్లుగా లెక్కగడుతుంది. 14కి రజస్వల, 35కి ముఖం వాడటం మొదలు, 49కి ముట్టు ఆగి సంతాన యోగ్యత తీరిపోవడం. నేటి డాక్టర్ల మాటా దీనికి దగ్గరే. పుట్టుకతో వచ్చిన అండాలే ఆమెకు జీవితాంతం. 35 దాటాక వాటి సంఖ్యా, నాణ్యతా రెండూ త్వరగా పడిపోతాయి. ఆ గ్రంథం మాత్రం సంతానశక్తికి మూలం మూత్రపిండాలంటుంది. అందుకే వయసు మీరుతున్న స్త్రీకి చైనా వైద్యులు మూత్రపిండాల సత్తువకని షు దీ హువాంగ్, రక్తపుష్టికని దాంగ్ గుయ్ వేర్లు కషాయం కాచి ఇస్తారు.

ఇది చదివినప్పుడు నా మనసు కిడ్నీ జబ్బులతో నలుగుతున్న మా ఉద్దానం మీదికే పోయింది. క్రియాటినిన్ అంటే ఏమిటో ఎవరికీ వివరించక్కర్లేని నేల ఇది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరవాల్సి వచ్చింది. ఇక్కడ ఆడవాళ్లు తాగే ప్రతి కషాయాన్నీ ముందు మూత్రపిండాల వైపు నుంచే చూడాలి.

సంతానం మాటకొస్తే ఇక్కడి డొంకూరు వంటి తీరపు ఊళ్ల సంగతి వేరు. మగవాళ్లు చేపల వేటకని గుజరాత్‌లోని వేరావల్ దాకా వలసపోతారు. నెలల తరబడి ఇంటి ముఖం చూడరు. పెళ్లయి ఎన్నేళ్లయిందో ఊరంతా లెక్కపెడుతుంది. ఆలుమగలు ఒక్క చూరు కింద గడిపిన నెలలు ఎవరికీ పట్టవు. 'ఏటమ్మా, మందేదైనా తాగుతున్నావేటి?' అని కోడల్నే అడుగుతారు. కొడుక్కి వీర్యపరీక్ష చేయిద్దామన్న మాట రాదు. నాకు కోపం తెప్పించేది ఇదే.

నాటుమందంటే నాకు చులకన లేదు. పిల్లిపీచర దుంపల్ని ఆయుర్వేదం శతావరి అని తరతరాలుగా వాడుతోంది. నా భయమంతా పేరు చెప్పని పొడి గురించే. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో ఒళ్లు తగ్గడానికి చైనా మూలికలు మింగిన స్త్రీల మూత్రపిండాలు చెడిపోయాయి. స్టెఫానియా వేరుకు బదులు అరిస్టొలోకియా వేరు కలిసిందని తర్వాత తేలింది. బాధితులు 100 మందికి పైనే. కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. మన ఈశ్వరి తీగ ఆ అరిస్టొలోకియా జాతిదే. పాముకాటుకనీ, ఆగిన ముట్టు రావడానికనీ నాటువైద్యంలో దాని వేరు వాడుతూ వచ్చారు. ఉద్దానం జబ్బుకు అదే కారణమని నేననను. అసలు కారణం ఇంకా తేలలేదు. కానీ మూత్రపిండాలకు ఇంత గండం ఉన్న చోట తెలిసిన విషాన్ని తెలియక తాగకూడదు.

అందుకే మందిచ్చే పెద్దాయన్ని గౌరవంగానే అడగండి: ఇది ఏ చెట్టు వేరు, ఆ చెట్టు చూపిస్తారా? గుట్టు విప్పితే మందు పారదని అంటే ఆ పొడి ముట్టుకోవద్దు. పేరు చెప్పినా క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, డాక్టరుకు ఆ పేరు చెప్పాకే తాగండి. 35 దాటిన స్త్రీకి ఆరు నెలల్లో నెల తప్పకపోతే ఆలుమగలిద్దరూ పరీక్షలకు వెళ్లాలి. అతను వేరావల్‌లో ఉన్న నెలల్ని ఆ ఆరింట్లో కలపొద్దు. అలాగని అతను వచ్చేదాకా ఆమె పరీక్షలు ఆపనూ వద్దు.