బూరుగు చెట్టు పావురాలు, తాటిచెట్టు గిజిగాడు

పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853)లో మిత్రలాభం గోదావరి ఒడ్డునే మొదలవుతుంది. గట్టున పెద్ద బూరుగు చెట్టు, రాత్రి నాలుగు దిక్కుల నుంచి వచ్చి వాలే పక్షులు, తెల్లవారగానే వలతో దిగిన వేటగాడు, వాణ్ణి ముందుగా కనిపెట్టిన లఘుపతనకమనే కాకి. రాజమండ్రి పిల్లలకు ఇంతకన్నా సొంత ఊరి కథ ఏముంటుంది? గుర్రం జాషువా అయితే వినుకొండ మనిషి. రాజమండ్రిలో కొన్నాళ్లు మూకీ సినిమాలకు మాటలు చెప్పారన్న మాటేగాని, గోదావరి కవి కారు. అయినా కోనసీమ పిల్లలకు పిట్టను చూపించాల్సి వస్తే నేను ముందు తెరిచేది ఆయన ‘గిజిగాడు’ ఖండికనే.

సూరిగారి పావురాలు వలతో సహా ఎగిరిపోయే ఘట్టం ఒకసారి విన్న పిల్లలెవరూ మరిచిపోరు. అందులో ఐకమత్యం ఉంది, రాజు చిత్రగ్రీవుడి నీతి ఉంది, పావురం మాత్రం లేదు. నూకలకు ఆశపడి నేలకు దిగడం తప్ప అవి చేసే పావురపు పని ఇంకొకటి కనపడదు. వాటి చోట చిలకల్ని పెట్టండి, కథ కుంటుపడదు. జాషువా ఖండికలోంచి గిజిగాణ్ణి తీసేస్తే మిగిలేది ఛందస్సే. ఆయన పిట్టతోనే ముఖాముఖి మాట్లాడతారు. గడ్డిపోచలు తెచ్చి ఉయ్యాల ఇల్లు అల్లే నేర్పు మనిషికి రాదని మెచ్చుకుంటారు. ఆ మెప్పు నిజమో కాదో పిల్లలు వెళ్లి చూసుకోవచ్చు. కాలవ గట్టు మీద తాటిచెట్టో ఈతచెట్టో ఉంటే చాలు.

జాషువా మెచ్చుకున్న చోట ఆగితే మాత్రం మాస్టారి పని సగమే అయినట్టు. గూడు అల్లేది మగపిట్ట. సగం అయ్యాక ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి చూసుకుంటుంది, నచ్చితేనే కాపురం. నచ్చనివి ఆ కొమ్మకే సగం గూళ్లుగా వేలాడుతూ ఉండిపోతాయి. ఈ ముక్క చెబితే తరగతి మొత్తం నవ్వుతుంది, ఆ సాయంత్రమే సగం గూళ్లు వెతుక్కుంటూ పోతుంది. మన బళ్లలో ఆ పద్యాలకు ప్రతిపదార్థం చెప్పించి, సంధులు విడగొట్టించి, గంట కొట్టేస్తారు. అందులో కవి తప్పేమీ లేదు.

సూరిగారి పక్షులన్నీ మనుషులేనని తోసెయ్యడమూ అన్యాయమే. మిత్రభేదంలో టిట్టిభాల జంట సముద్రపు ఒడ్డున గుడ్లు పెడుతుంది, సముద్రం వాటిని పట్టుకుపోతుంది. టిట్టిభమంటే మన తీతువు పిట్ట. అది నిజంగానే గూడంటూ కట్టదు, వట్టి నేల మీదే గుడ్లు పెడుతుంది. ఈ కథ కట్టినవాడెవడో పిట్టను దగ్గరగా చూసినవాడు. తీతువు కూస్తే చావు కబురని భయపడే ఇళ్లలో ఆ పిట్టను తల్లిగా చూపించే కథ ఇదొక్కటే నాకు తెలుసు. మిత్రలాభంలో జరద్గవమనే ముసలి పక్షి, సంస్కృత మూలం ప్రకారం, రాబందు. ఈనాటి పిల్లలు దాన్ని కథలో తప్ప చూడరు. గొడ్లకు వేసిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందుల ఒంట్లోకి చేరి మూత్రపిండాలను చెడగొట్టింది. 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించేనాటికే జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

సూరిగారు వదిలేసిన విగ్రహం, సంధి భాగాలను తెనిగించినవారిలో రాజమండ్రి కందుకూరి వీరేశలింగం ఒకరు. అక్కడ హంసలకూ నెమళ్లకూ యుద్ధం. డెల్టా చెరువుల్లో హంస ఎక్కడిది? ఉన్నది గూడబాతు. పశ్చిమ గోదావరిలో చెట్ల మీద గూళ్లు పెట్టిన గూడబాతుల గురించి 1949లో రాసింది మలయాళీ అయిన కె.కె. నీలకంఠన్. ఇందుచూడన్ పేరుతో ఆయనే తర్వాత కేరళ పక్షుల మీద మలయాళంలో పెద్ద పుస్తకం రాశారు. కొల్లేటి గట్టున ఆటపాకలో ఇప్పటికీ కనిపించే ఆ పక్షికి మన వాచకాల్లో హంసకున్న వైభవంలో పదో వంతు కూడా లేదు.

ఆరో తరగతి వాచకం కూర్చే పని నాకిస్తే జూన్‌లో బడి తెరవగానే గిజిగాణ్ణి పెడతాను. తొలకరికి గూళ్లు అల్లడం మొదలవుతుంది కాబట్టి. తీతువులు లంకల ఇసుకలో గుడ్లు పెట్టేది ఎండాకాలంలో గనక టిట్టిభాల కథ మార్చికి, సెలవుల ముందు. పావురాల కథ ఎప్పుడు చెప్పినా ఒకటే.