వేట కథలో తూటా

అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయ పెద్దపులి కథను కెనెత్ ఆండర్సన్ 1954లో అచ్చయిన పుస్తకంలో చెప్పాడు. అతని తుపాకి .405 వించెస్టర్. తుపాకి సంగతిలో ఈ రచయితలు పొల్లుమాట రాయరు. పులికైతే మొనలో సీసం బయటికున్న తూటా; ఒంట్లో దిగి విచ్చుకుంటుంది. దాన్నే ఏనుగు తలకు పేలిస్తే ఎముకలో చితికి ఆగిపోవచ్చు. అక్కడ మెదడుదాకా దూసుకుపోయే, నిండా లోహపు తొడుగున్న గట్టి తూటా కావాలి. ఎంపిక తప్పితే మృగం చావదు, గాయంతో తిరుగుతుంది. 1907లో కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి కుడివైపు కోరలు విరిగింది అంతకుముందెవరో కాల్చిన దెబ్బకే. కార్బెట్ లెక్కలో అది చంపింది 436 మందిని. కాల్చినవాడు అందులో లేడు. కట్టెలకూ ఆకుకూ అడవికెళ్లిన జనం ఉన్నారు.

నిజాం కాలపు తెలంగాణలో దొరల, అధికారుల వేటకు మృగాన్ని తోలడమూ వెట్టే. అయినా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి నా చేతికొచ్చే కథల్లో ‘దొర తుపాకి పేలింది, పులి కూలింది’ అని ఒక్క వాక్యంతో సరి. (1972 చట్టంతో వేట నిషిద్ధమైంది గాని వేట కథ కాలేదు.) ఏ తూటా? ఎక్కడ తగిలింది? నెత్తుటి జాడ పట్టి పొదలోకి ముందు దూరిందెవరు? ఆండర్సన్ కనీసం తన వెంట నడిచిన బైరా పేరు రాశాడు.