ఊహను ఊహగానే చెప్పే భాష

లోజ్బన్ గొప్పతనం తెలియాలంటే అందులో “అయితే” ఎలా అంటారో చూడాలి. తర్కం పునాదిగా కట్టిన కృత్రిమ భాష ఇది. 1955లో అమెరికాలో జేమ్స్ కుక్ బ్రౌన్ మొదలుపెట్టిన లోగ్లాన్ నుంచి 1987లో విడిపోయింది. దీని మూలపదాలను ఆరు భాషలు కలిపి అల్లారు, వాటిలో మన హిందీ ఒకటి. చరిత్ర ఇంత చాలు. అసలు అందం పనితనంలో ఉంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు పట్టుకునేది “గనై... గి” జంటను. మి అంటే నేను, షిప్ని పిట్ట, వొఫ్లి ఎగరడం. “గనై మి షిప్ని గి మి వొఫ్లి”: నేను పిట్టనైతే ఎగురుతాను. బాగానే ఉందే అనిపిస్తుంది. కానీ ఆ జంట హామీ ఇచ్చేది ఒక్కటే: మొదటి మాట నిజమై రెండోది అబద్ధమయ్యే పరిస్థితి లేదని. నేనెలాగూ పిట్టను కాను, కాబట్టి వాక్యం దానంతటదే నిజమైపోతుంది. వొఫ్లి తీసేసి రొక్షి, అంటే రాయి, పెట్టండి. “నేను పిట్టనైతే రాయిని” అన్నదీ అంతే నిజం! వాక్యాన్ని విడదీసి చూసే షమ్‌హెస్ లాంటి ప్రోగ్రాములు వ్యాకరణం వరకే చూస్తాయి కాబట్టి రెండింటినీ మారుమాట లేకుండా ఒప్పుకుంటాయి.

ఇక్కడే “దహి” వస్తుంది. ఎంత చిన్న మాట, ఎంత పెద్ద పని! వాక్యం మొదట్లో పెడితే వాక్యమంతా ఊహ. గనై వెంటనే పెడితే షరతు వరకే ఊహ. “గనై దహి మి షిప్ని గి మి వొఫ్లి” అన్నామంటే, పిట్టను కానని తెలిసే అనుకుంటున్నామని వినేవాళ్లకు అర్థమవుతుంది. చెప్పేది వాస్తవమని నొక్కాలంటే “దహినై”. వాదానికి ఆధారంగా ఒకటి అనుకుందాం అనడానికి వేరే మాట, “రుహ”. కలగనడమూ ప్రతిపాదించడమూ ఒకటి కాదని ఇంత స్పష్టంగా విడదీసిన భాష నాకు మరొకటి తెలియదు. వాన పడే పరిస్థితిలో ఇంట్లోనే ఉంటాను అనాలంటే “వహొ” ఉంది. అది నిజమా అబద్ధమా అనే లెక్క జోలికి పోదు, పరిస్థితిని చెబుతుంది.

జాన్ కోవన్ 1997 నాటి పుస్తకంలో ఇవన్నీ ఓపికగా వివరించాడు. హోర్హే యాంబియాస్ ఏకంగా ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’నే లోజ్బన్‌లోకి తెచ్చాడు. అడుగడుగునా “ఇలా అయితే, అలా అయితే” అనుకునే పిల్ల కథను ఇంత కచ్చితమైన భాషలో నిలబెట్టడం మామూలు సాహసమా!

ఇప్పుడు చూస్తే బాధేస్తుంది. కొందరు ఇంగ్లీషు “ఇఫ్” కనిపించిన చోటల్లా గనై అతికించేసి లోజ్బన్ రాశామంటున్నారు. దహి ఊసే ఉండదు. అది లోజ్బన్ కాదు, లోజ్బన్ చొక్కా తొడిగిన ఇంగ్లీషు. సాధ్యమైన లోకాలన్నిటినీ లెక్కించే “ముహెయ్” అనే ప్రయోగపదాన్ని ఇంకొందరు తెచ్చారు. తెలివైనదే, కాదనను. కానీ ఉన్న దహిని సరిగ్గా వాడటం రానివాళ్లకు కొత్త పదాలెందుకు? నేను కోవన్ పక్షమే.

ఈ భాష ధారాళంగా మాట్లాడేవాళ్లు ప్రపంచం మొత్తమ్మీద కొద్దిమందే. ఆ కొద్దిమందైనా సరిగ్గా మాట్లాడాలి కదా! నేర్చుకోవాలనుకునే తెలుగువాళ్లకు నా మనవి ఇదే: కోవన్ పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దహి ఉన్న 13వ అధ్యాయం ముందు చదవండి. గనై ఉన్న 14వ అధ్యాయం ఆ తర్వాతే.