కారణం తేల్చేవాళ్లు
2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయంలో కొందరు ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు అందాయి. ఆ రోజు సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్‌లోని లోపంతో ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలాయి. చాలావి రీస్టార్టవడం, మళ్లీ పడిపోవడం. సేఫ్ మోడ్‌లో తెరిచి, తప్పుడు ఫైలు తీసేసి ఎన్నిటినో నిలబెట్టింది ఐటీ సిబ్బందే.

వెబ్ సర్వర్ ఊరికే రీస్టార్టవుతున్నా పిలుపు వాళ్లకే. ముందు పడిపోయిన సమయం పట్టుకుని, దానికి ముందరి లాగ్ చదువుతారు. ఎగ్జిట్ కోడ్ 137 కనిపిస్తే, మెమరీ చాలక లైనక్సే ప్రాసెస్‌ను చంపిందేమోనని కెర్నల్ లాగ్ తిరగేస్తారు. అది కాకపోతే, సర్వర్ బతికుందో లేదో చూసే హెల్త్ చెక్ గడువును అనుమానిస్తారు.

రీస్టార్ట్ బటన్ ఎవరైనా నొక్కుతారు; ఎందుకు పడిందో తేల్చడమే పనితనం. దానికి జీతంతోపాటు మెచ్చుకోలూ దక్కాలి.