ధర్మరాజు వేషం, దుర్యోధనుడి వేషం

1909 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్‌లో డెట్రాయిట్ టైగర్స్, పిట్స్‌బర్గ్ పైరేట్స్ తలపడ్డాయి. టైగర్స్ తరఫున టై కాబ్, ఇరవై రెండేళ్ల కుర్రాడు. అవతల హోనస్ వాగ్నర్, ముప్ఫై ఐదేళ్లవాడు. కాబ్ మొదటి బేస్ మీద నిలబడి వాగ్నర్ జర్మన్ పుట్టుకను ఎగతాళి చేస్తూ, వస్తున్నా కాచుకోమన్నాడట. దూసుకొచ్చినవాడి మూతి మీద వాగ్నర్ బంతి పెట్టి కొట్టాడట. చరిత్రకారులు చాలామంది దీన్ని నమ్మరు. అయినా కథ బతికే ఉంది. ఒకరికి దుర్యోధనుడి వేషం, మరొకరికి ధర్మరాజు వేషం అభిమానులు ముందే కట్టేశారు మరి.

స్కోరు పుస్తకం చెప్పేది వేరే. కాబ్ ఆ ఏడు అమెరికన్ లీగ్‌లో .377 బ్యాటింగ్ సగటుతో అందరినీ మించాడు. సిరీస్‌లో మాత్రం .231 దగ్గర ఆగిపోయాడు. వాగ్నర్ .333 కొట్టి, ఆరు బేసులు దొంగిలించాడు, అంటే బ్యాటర్ బంతి కొట్టకుండానే తర్వాతి బేసుకు పరుగెత్తి చేరాడు. ఏడు ఆటల పోరులో పైరేట్స్ గెలిచింది.

ఒక్క సిరీస్‌తో తీర్పు చెప్పేయకూడదు, నిజమే. బ్యాటు పట్టుకుంటే కాబ్‌కు సాటి వాగ్నర్ కాడు. కాబ్ జీవితకాల సగటు .366, హిట్లు నాలుగు వేలు దాటాయి. ఆ లెక్కను పీట్ రోజ్ 1985లో గానీ దాటలేకపోయాడు. హోమ్ బేసునే 54 సార్లు దొంగిలించిన మొండి ధైర్యం కాబ్‌ది. వాగ్నర్ సగటు .328కి దగ్గర్లో ఉంటుంది. కానీ కాబ్ ఔట్‌ఫీల్డర్. వాగ్నర్ నిలబడింది షార్ట్‌స్టాప్‌లో, రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ నడుమ. బంతులు ఎక్కువగా, వేగంగా వచ్చేది అటే. అక్కడ కాసే మనిషి సరిగా ఆపితే చాలనుకుంటారు, బ్యాటింగ్ గురించి పట్టుబట్టరు. అలాంటి చోట ఉంటూ నేషనల్ లీగ్‌లో ఎనిమిదిసార్లు బ్యాటింగ్‌లో మొదటి స్థానం! అందుకే గొప్ప బ్యాటర్ కాబ్ అంటాను, గొప్ప ఆటగాడు మాత్రం వాగ్నరే. 1936లో హాల్ ఆఫ్ ఫేమ్ మొదటి ఎన్నికలో కాబ్‌కు 222 ఓట్లు, వాగ్నర్‌కు 215. ఓటేసినవాళ్ల తూకం నాకు నచ్చలేదు.

ఇక మంచిచెడ్డలు. కాబ్ చనిపోయాక రచయిత ఆల్ స్టంప్ రాసిన రాక్షస కథల్లో చాలా అతిశయోక్తులని 2015లో చార్లెస్ లీర్‌సెన్ పుస్తకం ఎత్తిచూపింది. మంచిదే. అయితే 1912లో న్యూయార్క్‌లో కాబ్ స్టాండ్స్‌లోకి ఎక్కి ఒక చెయ్యే లేని ప్రేక్షకుణ్ణి కొట్టింది కల్పన కాదు. వాగ్నర్ మంచితనానికీ కథల అండ ఉంది. సిగరెట్ పెట్టెల్లో వచ్చే తన బొమ్మకార్డును ఆపించింది పిల్లలు పొగాకు పాలవకూడదనేనంటారు. డబ్బు కోసమే పేచీ పెట్టాడన్న వాదనా ఉంది. వాగ్నర్ స్వయంగా పొగాకు నమిలేవాడు! అరుదు కావడం వల్లే ఆ కార్డు 2022లో 72.5 లక్షల డాలర్లు పలికింది. ఆ ధరకూ అతని ఆటకూ పెద్ద సంబంధం లేదు.

ఇద్దరూ ఆడింది నల్లజాతివారికి తలుపులు మూసిన లీగుల్లోనే. జాన్ హెన్రీ లాయిడ్‌ను ‘నల్ల వాగ్నర్’ అని పొగిడేవారు, మేజర్ లీగ్‌లోకి మాత్రం రానివ్వలేదు. 2024లో నల్లజాతివారు ఆడిన నీగ్రో లీగుల లెక్కలను మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపాక అత్యుత్తమ జీవితకాల సగటు కాబ్ చేజారి .372తో నీగ్రో లీగుల ఆటగాడు జాష్ గిబ్సన్‌దైంది. ఆ గిబ్సన్ హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టుకు ఆడిన రోజుల్లో, వాగ్నర్ పైరేట్స్ కోచ్. రెండు జట్లూ పిట్స్‌బర్గ్‌లోని ఫోర్బ్స్ ఫీల్డ్‌లోనే ఆడేవి, వేర్వేరు రోజుల్లో.