కుండ, చేట, విల్లు: బస్తర్ ధన్‌కుల్

బొబ్బిలి వీణ తెలిసినవాళ్లకు తీగ వాద్యం అంటే పనస మొద్దు తొలిచి, మెట్లు అమర్చి, తరాల పాటు దాచుకునే వస్తువు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వాద్యం ధన్‌కుల్ అలా దాచుకునేది కాదు. పాటకు కూర్చునే చోటే దాన్ని కూర్చుకుంటారు.

నేలమీద గడ్డి కుదురు, దానిమీద మట్టికుండ, కుండ మూతిమీద వెదురు చేట. విల్లు ఒక కొస చేటమీద, రెండో కొస నేలమీద ఆనుతుంది. ఈ వాద్యాన్ని వాయించేది, జగార్ అనే కథాగానాన్ని పాడేది గురుమాయిలనే స్త్రీలు. పాట్ గురుమాయి కథ నడిపితే చేలీ గురుమాయి అందుకుంటుంది. ఇద్దరి ముందూ చెరో ధన్‌కుల్ ఉంటుంది.

అసలు పనితనం వింటి కర్రలో ఉంది. దాని వీపున వరుసగా గాట్లు కోస్తారు. కుడిచేత్తో వెదురు పుల్లను ఆ గాట్లమీద రాస్తుంటే గరగరమంటూ లయ పుడుతుంది. ఎడమచెయ్యి నారిని లాగి వదిలితే గుమ్మని నాదం. రెండు చప్పుళ్లూ ఒకే కర్రలోంచి చేటలోకి, చేటలోంచి కుండలోని గాలిలోకి దిగి పెద్దవవుతాయి. ఒక్క మనిషి, ఒక్క విల్లు, రెండు వాద్యాల పని!

తమిళనాడు కథాగానం విల్లుపాట్టులోనూ విల్లూ కుండా ఉన్నాయి. అక్కడ గజ్జెలు కట్టిన వింటి నారిని కోలలతో కొడతారు. ఆఫ్రికా నుంచి బ్రెజిల్ చేరిన బెరింబావు అనే వింటి వాద్యానికి కుండ బదులు ఎండు సొరబుర్ర. వింటి కర్రనే గీకి, నారినే మీటి, ఒకే మనిషి రెండూ పలికించే తెలివి మాత్రం ఆ రెండింటిలో లేదు. నా దృష్టిలో ధన్‌కుల్ గొప్పతనం అదే.

గురుమాయిలు పాడే జగార్లలో ఒకటైన లచ్మీ జగార్ వరి లక్ష్మి కథ. హల్బీ భాషలో రోజుల తరబడి సాగుతుంది. వడ్లు చెరిగే చేటే ఆ కథకు గొంతు కావడం కన్నా సరైన కూర్పు ఏముంటుంది!

బస్తర్‌లోని కొండగావ్‌కు చెందిన హరిహర్ వైష్ణవ్, మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగరీ కలిసి గురుమాయి సుక్‌దాయి పాడిన ఈ కథను 2003లో పుస్తకంగా తెచ్చారు. పాట అక్షరాల్లోకి వచ్చింది కానీ, గాట్లమీద పుల్ల ఆడే తీరు అక్షరాల్లోకి రాదు. కొండగావ్ వెళ్లి డోక్రా లోహపు బొమ్మలు కొనుక్కొచ్చే తెలుగువాళ్లు ఎంతోమంది. ఈసారి వెళ్తే జగార్ ఎక్కడ జరుగుతోందో అడగండి. దగ్గరగా కూర్చుని, ముందు ఆ గురుమాయి కుడిచెయ్యి చూడండి.