ఫర్మ్‌వేర్ సంగతి ఫర్మ్‌వేరే చెప్పుకోవాలి

వర్చువల్ మెషీన్ ఆన్ చేయగానే ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందు నడిచేది ఫర్మ్‌వేర్. ఎక్స్86 మీద ఆ మెషీన్‌ను నడిపే క్యూఎముకు ఏమీ చెప్పకపోతే సీబయోస్ ఎక్కుతుంది. యూఈఎఫ్ఐ కావాలంటే మాత్రం ఈడీకే2 ప్రాజెక్టు నుంచి వచ్చే ఓవీఎంఎఫ్ ఫైలు ఎక్కడుందో వెతికి దారి రాయాల్సి వచ్చేది. ఫెడోరాలో ఒక ఫోల్డరు, డెబియన్‌లో మరొకటి. వర్చువల్ మెషీన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ ఈ దారులను తన కాన్ఫిగరేషన్‌లో జాబితాగా పెట్టుకుంది. ఒక డిస్ట్రో ఫైలు పేరు మార్చిందంటే ఆ జాబితా పాతబడినట్టే. పైగా దారి దొరికినా అసలు ప్రశ్నలకు జవాబు దొరకదు. ఈ ఫైలులో సెక్యూర్ బూట్ ఉందా? ఏ మెషీన్ రకం మీద నడుస్తుంది? ఫైలు పేరు చూసి ఊహించడమే.

2018లో ఓవీఎంఎఫ్ నిర్వాహకుల్లో ఒకరైన లాస్లో ఎర్సెక్ దీనికి క్యూఎములో ఒక స్కీమా రాశారు. ఫర్మ్‌వేర్‌ను ప్యాకేజీ చేసేవాళ్లే దాని పక్కన ఒక చిన్న జేసన్ ఫైలు పెట్టి, అందులో దాని గుణగణాలు రాయాలి. ఇంటర్‌ఫేస్ బయోసా, యూఈఎఫ్ఐనా, ఫ్లాష్‌గా ఎక్కించాలా, మెమరీలోకా, వేరియబుల్స్‌కు మూస ఏ ఫైలు, ఏ ఆర్కిటెక్చర్, ఏ మెషీన్లు, ఏయే సౌకర్యాలున్నాయి. తయారుచేసిన వాళ్లకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే.

సౌకర్యాల జాబితాలో రెండు మాటలను ఆగి చూడాలి. ‘సెక్యూర్-బూట్’ అని ఉంటే ఆ కోడ్‌కు సెక్యూర్ బూట్ చేయగల సత్తా ఉందని మాత్రమే. ‘ఎన్‌రోల్డ్-కీస్’ కూడా ఉంటేనే మూస ఫైలులో కీలు ముందే ఎక్కించి ఉన్నాయని, అంటే మొదటి బూట్ నుంచే తనిఖీ అమల్లో ఉంటుందని లెక్క. ఈ తేడా తెలియక, సెక్యూర్ బూట్ ఉన్న ఫైలే ఇచ్చాం కదా అనుకుని తనిఖీ లేకుండా మెషీన్లు నడిపే ప్రమాదం ఉంది. అలాగే ‘రిక్వైర్స్-ఎస్ఎంఎం’ అని ఉన్నది క్యూ35 మెషీన్ మీదే నడుస్తుంది, పాత ఐ440ఎఫ్ఎక్స్ మీద నడవదు.

ఇక ఎంపిక. లిబ్‌వర్ట్ లాంటి టూల్ ఈ జేసన్ ఫైళ్ల కోసం మూడు చోట్ల వెతుకుతుంది: డిస్ట్రో ఫైళ్లుండే యూఎస్ఆర్-షేర్ కింద, అడ్మిన్ చేతిలోని ఈటీసీ కింద, యూజర్ సొంత కాన్ఫిగ్ ఫోల్డరులో. అన్నిటినీ కలిపి పేరు వరసన పేర్చి, అడిగినదానికి సరిపోయే మొదటిదాన్ని తీసుకుంటుంది. అందుకే పేర్ల ముందు రెండంకెలుంటాయి. క్యూఎము తనతో ఇచ్చే ఎక్స్86 ఫైళ్లలో సెక్యూర్ రకం 50తో, మామూలు రకం 60తో మొదలవుతాయి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఈటీసీలో పెట్టినంత మాత్రాన ఫైలు ముందుకు రాదు. అక్కడ 99తో పెట్టినది యూఎస్ఆర్ లోని 50 తర్వాతే వస్తుంది. ఫోల్డరు అధికారం ఒకే పేరున్న ఫైళ్ల మధ్యే చెల్లుతుంది. డిస్ట్రో ఇచ్చినదాన్ని వద్దనుకుంటే అదే పేరుతో ఈటీసీలో ఖాళీ ఫైలు పెడితే సరి, అది కనిపించకుండా పోతుంది. ప్యాకేజీ ఫైలును ముట్టుకోనక్కర్లేదు, అప్‌డేట్ వచ్చినా మన నిర్ణయం చెరిగిపోదు.

2019 ఏప్రిల్‌లో వచ్చిన లిబ్‌వర్ట్ 5.2.0 నుంచి మెషీన్ వివరంలో ‘ఫర్మ్‌వేర్ ఈఎఫ్ఐ’ అంటే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. దారి తెలియకుండానే వర్ట్-ఇన్‌స్టాల్‌తో యూఈఎఫ్ఐ మెషీన్ తయారవుతోందంటే వెనక ఉన్నది ఈ ఏర్పాటే.

అయితే ఇది కొత్త మెషీన్‌కు ఫర్మ్‌వేర్ ఎంచే పద్ధతి. నడుస్తున్న మెషీన్‌కు అప్పటికే తన వేరియబుల్ ఫైలుంటుంది, బూట్ ఎంట్రీలు, కీలు అందులోనే ఉంటాయి. పాత 2 ఎంబీ ఓవీఎంఎఫ్‌తో పుట్టిన వేరియబుల్ ఫైలు 4 ఎంబీ కోడ్‌తో కలవదు. కాబట్టి కోడ్ మార్చే ముందు ఆ ఫైలును బ్యాకప్ తీసి, దాని జత ఏదో జేసన్‌లో చూసుకోవాలి.